నలభయ్యో ఫోటో కూడా మొదటిదానిలాగే రావాలి: ప్రాడక్ట్ ఫోటోగ్రఫీ ప్రాజెక్టు డైరీ

ప్లాన్

ప్రాజెక్టు చెప్పుకోవడానికి చిన్నదే. ఆన్‌లైన్‌లో దొరికే పాఠాలతోనే ప్రాడక్ట్, స్టిల్ లైఫ్ ఫోటోగ్రఫీ నేర్చుకోవాలి, దాన్ని డబ్బులొచ్చే పనిగా మార్చుకోవాలి. పెద్ద స్టూడియోలో అసిస్టెంటుగా చేరి నేర్చుకునే దారి అందరికీ ఉండదు. నాకూ లేదు. ఉన్నవి ఒక గది, ఒక బల్ల, ఇంటర్నెట్. పూర్తయిన ఫోటోలు ఎక్కడ చూసినా కనిపిస్తాయి గానీ ఖాళీ బల్ల నుంచి ఆ ఫోటో దాకా మధ్యలో నడిచే తతంగాన్ని వరసగా రాసిపెట్టేవాళ్లు తక్కువ, అందుకే ఈ డైరీ.

కోర్సుల జోలికి వెళ్లకముందే వస్తువులు ఎంచుకున్నాను. ఒక స్టీలు చెంచా, లోపల ద్రవం కనిపించే గాజు పెర్ఫ్యూమ్ సీసా, నల్లటి మ్యాట్ అట్టపెట్టె, మెరిసే మూత ఉన్న క్రీమ్ జార్, ఒక గుడ్డ షూ. ఈ అయిదూ అందంగా ఉన్నాయని తీసుకోలేదు, వెలుతురుకి అయిదూ అయిదు రకాలుగా స్పందిస్తాయని తీసుకున్నాను. స్టీలు చుట్టూ ఉన్నదాన్నంతా తనలో చూపిస్తుంది, గాజు వెనకున్నదాన్ని చూపిస్తుంది, మ్యాట్ నలుపు వెలుతురుని మింగేస్తుంది, జార్‌లో సగం మెరుస్తుంది సగం మెరవదు, షూకి నేత, కుట్టు, రంగు అన్నీ కనిపించాలి. రేపు ఎవరైనా ఏ వస్తువు పట్టుకొచ్చినా అది దాదాపుగా ఈ అయిదింటి కలయికే అయ్యుంటుంది.

ఇక పాఠాలు. కోర్సు ఎంచుకునేటప్పుడు నేను చూసేది ఒక్కటే: నేర్పే మనిషి లైటు కదిపిన ప్రతిసారీ కెమెరాలో ఏం మారిందో చూపిస్తున్నారా, లేక పాటేసి గబగబా సెట్ పేర్చేసి చివరికి అద్భుతమైన ఫోటో చూపించి చప్పట్లు కొట్టించుకుంటున్నారా. రెండో రకం వీడియోలు సరదాకి బాగుంటాయి, నేర్చుకోవడానికి పనికిరావు. లైటింగ్ సూత్రాల వరకు ఉచితంగా దొరికేవే సరిపోతాయని నా అభిప్రాయం. డబ్బు పెట్టాల్సింది మన ఫోటో చూసి తప్పెక్కడుందో చెప్పే రివ్యూకి. ఆ పని వీడియో చేయలేదు.

సామాను

దీని గురించి ఎక్కువ రాయను, ఎందుకంటే సామాను గురించి చదవడం నేర్చుకోవడం కింద లెక్కకి రాదు. మాన్యువల్ మోడ్ ఉన్న కెమెరా, కదలని ట్రైపాడ్, 90 లేదా 100 మి.మీ. మ్యాక్రో లెన్స్ (చాలా దగ్గరనుంచి తీయడానికి చేసింది), ట్రిగ్గర్‌తో పేలే ఒక ఫ్లాష్, ట్రేసింగ్ పేపర్ చుట్ట, తెలుపూ నలుపూ ఫోమ్ బోర్డులు, క్లాంపులు, టేపు. వైడ్ లెన్స్‌తో దగ్గరికెళ్లి తీస్తే సీసా మెడ సన్నబడి పొట్ట ఉబ్బుతుంది, లేబుల్ మీది గీతలు వంగుతాయి. పొడవాటి లెన్స్‌తో దూరం నుంచి తీస్తే వస్తువు ఆకారం నిలబడుతుంది, మధ్యలో లైట్లూ అట్టలూ పెట్టుకోవడానికి చోటూ దొరుకుతుంది.

కిటికీ వెలుతురు అందంగానే ఉంటుంది, కానీ మబ్బు పడితే మారిపోతుంది. ఒక్క ఫోటోకైతే ఫరవాలేదు. ఉదయం మొదలుపెట్టి సాయంత్రం దాకా ఒకే రకం ఫోటోలు తీయాలంటే కుదరదు. అందుకే ఫ్లాష్ మీదకి వచ్చేశాను. ప్రతి సెట్‌లోనూ ముందు ఒక చిన్న పరీక్ష: షట్టర్ 1/160 సెకను, ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సర్ సున్నితత్వం) 100, అపర్చర్ (లెన్స్ రంధ్రం, ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ చిన్నదవుతుంది) ఎఫ్/11 పెట్టి ఫ్లాష్ ఆపేసి ఒక ఫ్రేమ్ తీస్తాను. అది పూర్తిగా నల్లగా రావాలి. వస్తే గదిలో వెలుతురు ఏదీ నా ఫోటోలోకి చొరబడటం లేదన్నమాట, ఇక కనిపించే ప్రతి వెలుగూ నేను పెట్టిందే. నల్లగా రాకపోతే ట్యూబ్‌లైటో, తెర సందో, మానిటరో, ఎక్కడో ఒక దొంగ ఉన్నట్టే.

చెంచా

ఎక్కువ కాలం తిన్నది ఇదే. తినాల్సింది కూడా.

స్టీలుకి లైటింగ్ చేయడమంటే స్టీలు మీద లైటు వేయడం కాదని అందరూ చెప్తారు. అది చేతికి తెలియడానికి మాత్రం చెంచా ముందు కూర్చోవాల్సిందే. వెలుతురు ఏ కోణంలో వచ్చి తగిలితే అదే కోణంలో తిరిగి వెళ్తుంది. కెమెరా ఉన్న చోటు నుంచి వెనక్కి లెక్కేసుకుంటే, చెంచా మీద ఒక్కో చోట గదిలో ఏ భాగం ప్రతిబింబిస్తుందో తెలిసిపోతుంది. సమస్యల్లా ఏంటంటే చెంచా గిన్నె వంపు తిరిగి ఉంటుంది కాబట్టి ఆ ‘గదిలో భాగం’ దాదాపు గది మొత్తం. పైకప్పు, నా చొక్కా, ట్రైపాడ్ కాలు, కెమెరా లెన్స్, అన్నీ అందులోకి వచ్చి కూర్చుంటాయి.

చాలామంది ఇక్కడ తెల్లటి లైట్ టెంట్, అంటే వస్తువు చుట్టూ కట్టే తెల్ల గుడ్డ గుడారం, వాడమంటారు. వాడి చూశాను. ప్రతిబింబాలు పోయాయి, వాటితో పాటు స్టీలు కూడా పోయింది. అన్ని వైపులా తెలుపే కనిపిస్తే లోహం బూడిదరంగు ప్లాస్టిక్‌లా తేలిపోతుంది. లోహాన్ని లోహంలా చూపించేది తెలుపు పక్కన నలుపు. ఒక వైపు పెద్ద ట్రేసింగ్ పేపర్, దాని అంచు దగ్గర సన్నటి నల్ల ఫోమ్ బోర్డు పట్టీ పెట్టగానే చెంచా కాడ వెంబడి గీసినట్టు ఒక ముదురు గీత వచ్చింది. ఆ పట్టీని వేలెడు ఇటు జరిపితే గీత లావవుతుంది, అటు జరిపితే దారమంత సన్నబడుతుంది. కెమెరాని కంప్యూటర్‌కి కేబుల్‌తో కలిపి పెద్ద స్క్రీన్ మీద చూస్తూ పట్టీని జరుపుతుంటే, వీడియోల్లో మాటలతో చెప్పింది అప్పుడు కళ్లకి కనిపించింది.

తర్వాత గ్రేడియంట్. ఖరీదైన వస్తువుల ఫోటోల్లో కనిపించే, తెలుపు నుంచి బూడిద రంగులోకి మెల్లగా జారే ఆ వెలుగుని సాఫ్ట్‌వేర్‌తో వేస్తారని చాలామంది అనుకుంటారు, మంచి ఫోటోల్లో అది ఎక్కువగా సెట్‌లోనే పుడుతుంది. ఫ్లాష్‌ని ట్రేసింగ్ పేపర్‌కి దగ్గరగా పెడితే కాగితం మీద మధ్యలో తెల్లటి చుక్క, చుట్టూ గబుక్కున చీకటి. వెనక్కి జరిపేకొద్దీ కాగితం అంతా సమంగా వెలుగుతుంది. పక్కకి తిప్పితే ఒక అంచున తెల్లగా మొదలై రెండో అంచుకి చల్లారిపోతుంది. స్టీలులో కనిపించేది ఫ్లాష్ కాదు, ఈ కాగితం. కాబట్టి వెలుగు ఎలా జారాలో ముందు కాగితం మీద దిద్దుకోవాలి, చెంచా దాన్ని చూపిస్తుంది అంతే. దూరం రెట్టింపైతే వెలుతురు నాలుగో వంతు అవుతుందన్న సూత్రం బడిలో చదివినప్పుడు దేనికో అర్థం కాలేదు, దేనికంటే దీనికి.

పోలరైజర్ ఫిల్టర్ పెడితే మెరుపు తగ్గుతుంది కదా అని ఒకరు సలహా ఇచ్చారు. వార్నిష్ పూసిన చెక్క, ప్లాస్టిక్, గాజు లాంటి వాటి మీద తగ్గుతుంది, అదీ సరైన కోణంలో చూసినప్పుడే, గాజుకైతే నిటారు గీత నుంచి సుమారు 56 డిగ్రీల దగ్గర. మామూలు లోహం మీద ఆ ఫిల్టర్ ఒక్కటే పనిచేయదు. లైటు ముందు కూడా పోలరైజింగ్ షీటు పెట్టి, లెన్స్ మీది ఫిల్టర్‌ని దానికి అడ్డంగా తిప్పితేనే లోహం మెరుపు లొంగుతుంది. రెండూ కలిపి రెండు మూడు స్టాప్‌ల వెలుతురు తినేస్తాయి (ఒక స్టాప్ తగ్గితే వెలుతురు సగమైనట్టు), అది వేరే బాధ.

పక్కదారి: ఒకే వస్తువుని ఎన్నిసార్లు తీయాలి

చెంచా దగ్గరే ఆగిపోయానని ఒక స్నేహితుడు ఎగతాళి చేశాడు. అతనికి అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఎడ్వర్డ్ వెస్టన్ సంగతి చెప్పాను. 1930లో ఆయన తీసిన ఒక క్యాప్సికం ఫోటో స్టిల్ లైఫ్ చరిత్రలోనే పేరున్న వాటిలో ఒకటి. దాన్ని 30వ నంబర్ అంటారు, అంటే అంతకుముందు ఎన్ని క్యాప్సికంలు ఆయన కెమెరా ముందు కూర్చున్నాయో ఊహించుకోవచ్చు. ఆ ఫోటోలో క్యాప్సికంని రేకు గరాటులో పెట్టాడు. లోపలి గోడల మీంచి వెలుతురు తిరిగొచ్చి కాయ వంపుల్ని చుట్టుకుంది. ఈ రోజుల్లో మనం రిఫ్లెక్టర్ కార్డులతో చేసే పని అదే కదా. గరాటు కొనడానికి ఏ కోర్సూ అక్కర్లేదు, గరాటు పెట్టాలని తట్టడానికి మాత్రం చాలా క్యాప్సికంలు కావాలి.

సీసా

గాజుని ఫోటో తీయడం ఫోటోగ్రఫీ పుట్టినప్పటి నుంచీ ఉన్న సరదా. ఫోటోగ్రఫీని కనిపెట్టినవాళ్లలో ఒకడైన విలియం హెన్రీ ఫాక్స్ టాల్బోట్ 1840ల్లోనే గాజు సామాను అరల్లో పేర్చి తీశాడు. అప్పటికీ ఇప్పటికీ సమస్య ఒకటే, గాజుకి సొంత రంగు లేదు, కనిపించేది అంచులే.

అంచులు కనిపించడానికి రెండు దారులు. మొదటిదాంట్లో సీసా వెనక వెలిగే తెల్లటి తెర ఉంటుంది, ఆ తెర ఫ్రేమ్‌కి సరిగ్గా సరిపోయేంతే ఉండాలి, దాని అవతల అంతా చీకటి. గాజు అంచు దగ్గర వెలుతురు వంగుతుంది కాబట్టి అక్కడ తెర బయటి చీకటి కనిపించి సీసా చుట్టూ నల్లటి గీత పడుతుంది. తెర మరీ పెద్దదైతే ఆ గీత కరిగిపోయి సీసా తెలుపులో కలిసిపోతుంది. అప్పుడు ఫ్రేమ్ బయట, సీసాకి అటూ ఇటూ నల్ల కార్డులు నిలబెట్టి దగ్గరికి జరపాలి. రెండో దారి దీనికి తిరగేసినట్టు: వెనక ఫ్రేమ్‌కి సరిపోయేంత నల్ల కార్డు, దాని వెనక అంతకన్నా పెద్ద వెలుగు. ఇప్పుడు అంచులు తెల్లగా మెరుస్తాయి, మధ్యంతా నలుపు. దుమ్ము, వేలిముద్ర, గుడ్డతో తుడిచిన చార, ఈ పద్ధతిలో ఏదీ దాక్కోదు. అందుకే నలుపు మీద గాజు తీయాలంటే ముందు తుడవడానికి గంట కేటాయించుకోవాలి.

ఇంతవరకు పాఠాల్లో ఉంది. ద్రవం దగ్గర పాఠాలు తడబడతాయి. లోపల లేత బంగారు రంగు ద్రవం ఉంది, నల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద అది మురికినీళ్లలా కనిపించింది. దానికి చేసింది: వెండి రంగు కార్డుని సీసా ఆకారానికి కొంచెం లోపలికి కత్తిరించి, కెమెరాకి కనిపించకుండా సీసా వెనకే నిలబెట్టి, వెనక పక్క నుంచి వచ్చే లైటు ఆ కార్డు మీద పడి ద్రవంలోంచి ముందుకి వచ్చేలా వంచాను. ద్రవం దీపం పెట్టినట్టు వెలిగింది. కార్డు అంచు కనిపించకుండా కత్తిరించడంలోనే సగం పని ఉంది, కత్తెర కంటే బ్లేడు మేలు.

ఇక లేబుల్. గాజుకి బాగున్న లైటు లేబుల్‌కి చీకటి, లేబుల్‌కి బాగున్న లైటు గాజు మీద తెల్ల మరక. ఒక్క ఫ్రేమ్‌లో అన్నీ రావాలన్న పట్టుదల నాకు మొదట్లో ఉండేది, ఇప్పుడు లేదు. కెమెరా కదలకుండా ఒక ఫ్రేమ్ గాజుకి, ఒకటి ద్రవానికి, ఒకటి లేబుల్‌కి, ఒకటి మూతకి తీసి, ఫోటోషాప్‌లో లేయర్ మాస్కులతో, అంటే ఒక్కో ఫ్రేమ్‌లో కావాల్సిన భాగాన్నే కనిపించనిస్తూ, కలుపుతాను. ప్రకటనల్లో కనిపించే సీసాల్లో చాలా భాగం ఇలా కలిపినవే. ఇది మోసం అనేవాళ్లు ఉన్నారు. సీసా ఎలా ఉందో అలాగే చూపించడానికి నాలుగు ఫ్రేములు కావాల్సివస్తే నాలుగు తీయడంలో మోసమేముందో నాకైతే తెలియదు.

కింద ప్రతిబింబం కావాలంటే అద్దం వాడొద్దు, పై పొరదొకటి, లోపలి పూతదొకటి, రెండు ప్రతిబింబాలు పడి చూపు చెదురుతుంది. నల్ల యాక్రిలిక్ షీటు చాలు. కాకపోతే దాని మీద గుడ్డ పెట్టి రుద్దితే స్టాటిక్ పుట్టి గదిలో దుమ్మంతా వచ్చి వాలుతుంది. బ్లోయర్‌తో ఊదడం, మెత్తటి బ్రష్, అంతే.

ఫోకస్

వస్తువు మొత్తం స్పష్టంగా రావాలి కాబట్టి ఎఫ్/22 పెట్టేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. సరిపోదు. అపర్చర్ మరీ చిన్నదైతే వెలుతురు చెదిరి ఫోటో మొత్తం మెత్తబడుతుంది, దాన్నే డిఫ్రాక్షన్ అంటారు. మ్యాక్రోలో ఇంకో తిరకాసు ఉంది: వస్తువు సెన్సర్ మీద అసలు సైజులో పడేంత దగ్గరికి వెళ్తే, మీరు పెట్టిన ఎఫ్/11 దాదాపు ఎఫ్/22లా పనిచేస్తుంది. ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో నేను ఎఫ్/8, ఎఫ్/11 దాటకుండా, ముందు అంచు నుంచి వెనక అంచు దాకా ఫోకస్ కొంచెం కొంచెం జరుపుతూ తీసి, వాటిని ఫోటోషాప్‌లోనో హెలికాన్ ఫోకస్‌లోనో కలుపుతున్నాను. ఫ్లాష్ పూర్తిగా చార్జ్ అయ్యాకే తర్వాతి ఫ్రేమ్ తీయాలి, లేకపోతే మధ్యలో ఒక ఫ్రేమ్ మసకగా వచ్చి, అన్నీ కలిపిన ఫోటోలో (దీన్నే ఫోకస్ స్టాక్ అంటారు) చారికలు పడతాయి.

రంగు

గుడ్డ షూ నేర్పిన పాఠం. ముదురు ఊదా రంగు గుడ్డ. ఎల్‌ఈడీ ప్యానెల్ కింద తీస్తే నీలంగా, ఫ్లాష్‌తో తీస్తే ఊదాగా వచ్చింది, వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనిపించేలా చేసే రంగుల సర్దుబాటు) రెండింటికీ బూడిద కార్డుతోనే సరిచేశాను. తప్పు కార్డుది కాదు, లైటు స్పెక్ట్రంలో కొన్ని రంగులు తక్కువగా ఉంటే ఆ రంగుల్ని వైట్ బ్యాలెన్స్ ఎక్కడినుంచి తెస్తుంది? ఎల్‌ఈడీ డబ్బా మీద సీఆర్ఐ (లైటు రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 95 అని రాసి ఉంటుంది, మంచిదే, కానీ ఆ అంకె ఎనిమిది లేత రంగుల సగటు. గాఢమైన ఎరుపుని కొలిచే ఆర్9 అందులో కలవదు. ఎరుపు, ఊదా, చర్మం లాంటి రంగులు తీసేవాళ్లు ఆర్9 ఎంతో విడిగా చూసుకోవాలి.

ఇప్పుడు ప్రతి సెట్ మొదట్లో 24 గళ్ల కలర్‌చెకర్ కార్డుతో ఒక ఫ్రేమ్ తీస్తున్నాను. 1976 నుంచి వాడకంలో ఉన్న పాత సాధనం, ఇప్పటికీ దీన్ని మించింది నాకు కనపడలేదు. మానిటర్‌ని క్యాలిబ్రేట్ చేశాను. ఎడిటింగ్ అంతా పెద్ద కలర్ స్పేస్‌లో (ఎక్కువ రంగులు పట్టేదాంట్లో) చేసి, వెబ్‌కి ఇచ్చే ఫైళ్లు మాత్రం ఎస్ఆర్‌జీబీలోకి మారుస్తాను. హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి 1996లో తెచ్చిన ఆ ప్రమాణమే వెబ్‌కి ఇంకా ఆధారం. అలా మార్చకుండా పంపితే కొన్ని చోట్ల రంగులు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి, కొన్న మనిషి డబ్బా తెరిచి ‘ఫోటోలో ఈ రంగు కాదే’ అంటే ఆ తలనొప్పి మొత్తం అమ్మేవాళ్లది.

నలభై వస్తువుల పరీక్ష

ఇప్పటిదాకా రాసిందంతా ఒక్క మంచి ఫోటో తీయడం గురించి. ఆన్‌లైన్ పాఠాలన్నీ దాదాపు దాని దగ్గరే ఆగిపోతాయి. పని ఇచ్చేవాళ్లు అడిగేది అది కాదు. వాళ్ల దగ్గర నలభై రకాల వస్తువులుంటాయి, నలభై ఫోటోలూ పక్కపక్కన పెడితే ఒకే చెయ్యి తీసినట్టు ఉండాలి, ఆర్నెల్ల తర్వాత నలభై ఒకటోది వస్తే అదీ అలాగే ఉండాలి. ఈ సంగతి ఏ వీడియోలోనూ సరిగ్గా దొరక్కపోయేసరికి నాకు నేనే ఒక పని పెట్టుకున్నాను: గదిలో ఉన్న నలభై చిన్న వస్తువులు పోగేసి, ఉత్తుత్తి క్యాటలాగ్ ఒకటి చేయడం. తెల్ల బ్యాక్‌గ్రౌండ్, ఒకే కోణం, ఒకే నీడ.

ముందు కొలమానం కావాలి. అమెజాన్ లాంటి చోట ప్రధాన ఫోటోకి బ్యాక్‌గ్రౌండ్ అచ్చ తెలుపు ఉండాలి, అంటే ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం) మూడూ గరిష్ఠంగా 255, 255, 255. వస్తువు ఫ్రేమ్‌లో 85 శాతం నిండాలి, జూమ్ పనిచేయాలంటే పొడవాటి వైపు కనీసం 1000 పిక్సెల్స్ ఉండాలి. నేను ఎవరికీ అమ్మకపోయినా ఈ నియమాలే పెట్టుకున్నాను, లేకపోతే ‘బాగానే ఉందిలే’ అని వదిలేస్తాం.

తెలుపు తెప్పించడం సులువు, ఎక్కువ కాకుండా ఆపడం కష్టం. బ్యాక్‌గ్రౌండ్‌ని మరీ వెలిగిస్తే ఆ వెలుతురు వెనకనుంచి తిరిగొచ్చి వస్తువు అంచుల్ని తినేస్తుంది, లెన్స్‌లోకి పొగ వచ్చినట్టు కాంట్రాస్ట్ పడిపోతుంది. తెలుపు 255ని అప్పుడే తాకుతున్న దగ్గర ఆపి, వస్తువుని బ్యాక్‌గ్రౌండ్‌కి వీలైనంత దూరంగా ముందుకి లాగితే రెండూ విడిగా అదుపులో ఉంటాయి.

మిగతాదంతా గుమాస్తా పని, అదే అసలు పని కూడా. బల్ల మీద వస్తువు పెట్టే చోటు టేపుతో గుర్తు. ట్రైపాడ్ కాళ్ల కింద నేల మీద గుర్తులు. లెన్స్ ఎత్తు, వస్తువుకి దూరం, ఫ్లాష్ పవర్, కాగితానికి ఫ్లాష్ ఎంత దూరంలో ఉందో, అన్నీ ఒక నోట్‌బుక్‌లో, పక్కనే సెట్ ఫోటో ఒకటి ఫోన్‌తో. టెథరింగ్ (కెమెరాని కంప్యూటర్‌కి కలిపి తీసే) సాఫ్ట్‌వేర్‌లో మొదటి ఫోటోని సగం పారదర్శకంగా తెర మీద ఉంచి, కొత్త వస్తువుని దానికి సరిపెట్టుకోవచ్చు, క్యాప్చర్ వన్‌లో ఓవర్‌లే అనే సదుపాయం ఇందుకే ఉంది. ఫైలు పేరులో వస్తువు కోడు, కోణం, వెర్షన్. ‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్తది’, ‘నిజంగా ఫైనల్’ అనే పేర్లు ఆ రోజుతో బంద్.

మధ్యలో సెట్ మొత్తం విప్పేసి, మళ్లీ నోట్‌బుక్ చూసి కట్టాను. కావాలనే. కొత్త ఫోటోల్లో నీడ ఒక వేలెడు ఎడమకి జరిగింది. వెతికితే లైటు స్టాండు ఎత్తు రాశాను గానీ లైటు తల ఎంత వంగి ఉందో రాయలేదని తేలింది. ఇప్పుడు వంపు కూడా రాస్తున్నాను, ఫోన్‌లో ఉండే లెవెల్ యాప్‌తో డిగ్రీలు కొలిచి.

వస్తువుని సిద్ధం చేయడం గురించి ఒక మాట. శుభ్రం చేసిన వస్తువు రీటచింగ్‌లో సగం సమయం మిగులుస్తుంది. కాటన్ గ్లవ్స్, మైక్రోఫైబర్ గుడ్డ, బ్లోయర్, నిలబడని వస్తువుల కింద అంటించే పుట్టీ. ఎవరైనా పని ఇస్తే ప్రతి వస్తువూ కనీసం రెండు మూడు పీసులు పంపమని అడగాలి, వాటిలో మచ్చలేనిది ఒక్కటైనా దొరుకుతుంది. క్రీమ్ జార్ మూత మీద కంటికి కనిపించని గీత స్క్రీన్ మీద తాడులా కనిపిస్తుంది.

పని వెతకడం

పోర్ట్‌ఫోలియో పన్నెండు పదిహేను ఫోటోలు దాటించలేదు. పెద్దగా చూపించింది వాటిలో కొన్నే, మిగతావి క్యాటలాగ్ నుంచి తీసిన వరసలు. అందమైన ఒంటరి సీసా ఫోటో చూసి ‘అబ్బ’ అంటారు, ఒకే తీరున ఉన్న వరస చూసి ‘రేటెంత’ అంటారు, ఇంతవరకు నాకు కనిపించిన తేడా ఇది. సొంతంగా చేసిన ప్రయోగాల కింద అవి ప్రయోగాలని స్పష్టంగా రాశాను. ఏదో పేరున్న బ్రాండు నాకు పని ఇచ్చినట్టు అనిపించేలా పెట్టుకోవడం కొందరికి మామూలే, దొరికిపోతే మాత్రం పరువు పోతుంది.

మొదటి పని ఒక చిన్న తయారీదారు నుంచి వచ్చింది. వాళ్లు కొత్త ఫోటోలు అడగలేదు, పాత ఫోటోగ్రాఫర్ తీసినవాటికి సరిపోయేలా ఇంకొన్ని వస్తువులు తీయమన్నారు. అంటే వేరేవాళ్ల లైటింగ్‌ని ఫోటో చూసి పసిగట్టాలి. ఇక్కడ చెంచా పాఠం పనికొచ్చింది. మెరిసే మూత ఉన్న వస్తువు ఒకటి వాళ్ల పాత ఫోటోల్లో ఉంది, దాన్ని బాగా పెద్దది చేసి చూస్తే మూతలో సాఫ్ట్‌బాక్స్ (లైటుని మెత్తబరిచే, తెల్ల గుడ్డ కప్పిన పెట్టె) ఆకారం, అది ఉన్న వైపు, ఎదురుగా పెట్టిన తెల్ల కార్డు, అన్నీ చిన్నగా కనిపించాయి. నీడ అంచు ఎంత మెత్తగా ఉందో చూస్తే లైటు సైజు తెలుస్తుంది, నీడ పొడవు చూస్తే ఎత్తు తెలుస్తుంది. ఆ లెక్కతో సెట్ కట్టి మొదటి టెస్ట్ ఫ్రేమ్ పంపాక, ‘నీడ కొంచెం లేతగా’ అన్న ఒక్క మార్పుతో ఒప్పుకున్నారు.

ధర దగ్గర మాత్రం టెన్షన్ పడ్డాను. ఆన్‌లైన్‌లో దీని మీద చెప్పేదంతా గాలి మాటలు, నాకు ఉపయోగపడింది లెక్కని ముక్కలు చేయడం. తీయడానికి పట్టే సమయానికి ఒక మొత్తం, రీటచింగ్‌కి ఒక మొత్తం, వాడుకునే హక్కుకి ఇంకో మొత్తం. ఆ మూడోది చాలామంది కొత్తవాళ్లు అడగనే అడగరు. ఫోటో వాళ్ల వెబ్‌సైట్‌లో ఏడాది పాటు వాడటం వేరు, హోర్డింగుల మీద అన్ని దేశాల్లో ఎప్పటికీ వాడటం వేరు. ఎక్కడ, ఎంతకాలం, ఏ ప్రాంతంలో అన్న మూడు ప్రశ్నలకీ జవాబు కాగితం మీద ఉండాలి. దాని కిందే షాట్ లిస్టు, ఎన్నిసార్లు మార్పులు ఉచితం, ముందు ఎంత అడ్వాన్స్, ఫైళ్లు ఏ ఫార్మాట్‌లో ఇస్తాం. తర్వాత వచ్చిన ఒక క్లయింటు ‘చిన్న మార్పే కదా’ అంటూ మార్పులు అడుగుతూనే ఉంటే, ఆ కాగితంలోని ఒక్క వాక్యం చూపించాక అడగడం ఆగింది. గొడవ లేదు, కోపాలు లేవు.

ఇంకో ప్రశ్న అందరూ అడుగుతున్నారు: కంప్యూటర్‌లోనే బొమ్మలు తయారవుతుంటే ఫోటోగ్రాఫర్ ఎందుకు? ఇది నిన్న మొన్నటి సంగతి కాదు. ఐకియా 2006లోనే తన క్యాటలాగ్‌లో ఒక కుర్చీని పూర్తిగా కంప్యూటర్‌లో చేసి పెట్టింది, కొన్నేళ్లకే వాళ్ల ప్రాడక్ట్ బొమ్మల్లో ఎక్కువ భాగం అలాంటివే అయ్యాయి. త్రీడీ మోడల్ చేయించే స్తోమత, ఒకే డిజైన్ వేల రంగుల్లో అమ్మే అవసరం ఉన్నవాళ్లు అటే వెళ్తారు. చేతితో తయారైన వస్తువు, ఒక్కో పీసు ఒక్కోలా ఉండేది, గుడ్డ, తోలు, రాయి, నెలకో కొత్త రకం తెచ్చే చిన్న తయారీదారు, వీళ్లకి మోడల్ చేయించడం కంటే ఫోటో తీయించడమే తేలిక. నేను వెతుక్కోవాల్సింది ఇలాంటివాళ్లని అని ఇప్పుడు తెలుసు. చౌకగా తెల్ల బ్యాక్‌గ్రౌండ్ ఫోటోలు మాత్రమే తీస్తూ కూర్చుంటే ఆ పని నా చేతిలో ఎక్కువకాలం ఉండదేమో అన్న అనుమానం కూడా ఉంది, దాచుకోను.

ఇప్పుడు ఎక్కడున్నాను

చెంచా, సీసా, షూ సరే. క్రీమ్ జార్ ఫరవాలేదు. నల్ల అట్టపెట్టె ఇంకా లొంగలేదు: ముందు నుంచి లైటు వేస్తే బూడిద రంగులోకి వెళ్లిపోతోంది, వెనక పక్కల నుంచి సన్నటి స్ట్రిప్ లైట్లతో అంచులు మాత్రమే గీస్తే నల్లగానే ఉంటూ ఆకారం నిలబడుతోంది, కానీ పైన ఉబ్బెత్తుగా అచ్చేసిన అక్షరాలు కనిపించడం లేదు. అక్షరాలకి విడిగా చాలా వాలుగా ఒక లైటు వేసి ఇంకో ఫ్రేమ్ తీసి కలపాలి, అది ఈ వారం పని.

దాని తర్వాత చేతి గడియారం. స్టీలు, గాజు, డయల్ మీద సన్నటి అక్షరాలు, అన్నీ ఒకే వస్తువులో. ముల్లులు పది గంటల పది నిమిషాల దగ్గర పెట్టాలి, ప్రకటనల్లో ఆనవాయితీ అదే, అలా పెడితే డయల్ మీది పేరు ముల్లుల కింద పడదు. గాజు మీది మెరుపుని తీసేయడానికి లైటు ముందు పెట్టే పోలరైజింగ్ షీటుకి ఆర్డరిచ్చాను. అది వచ్చేలోగా ముల్లులు కదలకుండా కిరీటం (టైము మార్చడానికి పక్కన తిప్పే బొడిపె) బయటికి లాగిపెట్టి, డయల్‌కి ఫోకస్ స్టాక్ ఎన్ని ఫ్రేముల్లో పూర్తవుతుందో చూసుకుంటాను, సెకన్ల ముల్లు కూడా ఆగేలా.